ఎరుపును చూడలేని పలక: పియర్ మీది సూర్యాస్తమయ ఛాయాచిత్రాలను చరిత్రకారులు ఎలా చదవాలి

మీకు ఒక పాత ఛాయాచిత్రం దొరికిందనుకోండి. ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి దూరంగా సాగిన నడకదారి. దాని వెనక మేఘాలు, మేఘాల చాటున దిగుతున్న సూర్యుడు. మనుషులు దాదాపు లేరు. కింద ‘వేసవి సూర్యాస్తమయం, బ్లాక్‌పూల్’ అని అచ్చువేసి ఉంది. చిత్రం 1880 ప్రాంతపుదని తెలిసింది. చరిత్ర విద్యార్థిగా దీని ఆధారంతో మీరు ఒక వాక్యం రాయాలి. ‘ఆ రోజుల్లో బ్లాక్‌పూల్‌లో వేసవి సాయంత్రాలు ప్రశాంతంగా, జనసంచారం లేకుండా ఉండేవి’ అని రాయాలనిపిస్తుంది. ఆ వాక్యంలో ‘వేసవి’ తప్పు కావచ్చు, ‘సాయంత్రం’ తప్పు కావచ్చు. ‘జనసంచారం లేకుండా’ అన్నది మాత్రం దాదాపు తప్పకుండా తప్పే.

శాసనం చేతికి వస్తే వేయించినవారెవరు, ఎందుకు వేయించారు అని అడుగుతాం. రెవెన్యూ రికార్డు వస్తే రాసిన అధికారి ప్రయోజనం ఏమిటని అడుగుతాం. ఛాయాచిత్రం దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆ అలవాటు మరచిపోతాం. కంటికి కనిపిస్తున్నది కదా, ఇంకా అడగడానికేముందని అనుకుంటాం. ఈ పాఠంలో ఇంగ్లండ్ సముద్రతీర పియర్‌ల మీద తీసిన సూర్యాస్తమయ చిత్రాలను ఉదాహరణగా తీసుకొని, ఛాయాచిత్రాన్ని ఏమేమి అడగాలో చూద్దాం.

పియర్ ఎవరిది?

సముద్రంలోకి పొడుచుకొని వెళ్ళే కట్టడాన్ని మనం జెట్టీ అంటాం. మనకు తెలిసిన జెట్టీలు సరుకు దించడానికీ, పడవలు ఆగడానికీ కట్టినవి. 1860ల తొలి సంవత్సరాలలో మద్రాసు తీరంలో కట్టిన ఇనుప పియర్ కూడా అటువంటిదే. అప్పటికి మద్రాసుకు రక్షణగల రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మసూలా పడవలు అలల మీదుగా సరుకును, ప్రయాణికులను ఒడ్డుకు చేర్చేవి. ఆ కష్టం తగ్గించడానికే పియర్ కట్టారు.

ఇంగ్లండ్‌లో మాత్రం 19వ శతాబ్దంలో పియర్ మెల్లగా వేరే అర్థం సంతరించుకుంది. 1823లో బ్రైటన్‌లో కట్టిన చెయిన్ పియర్ ప్రధానంగా ఓడ ప్రయాణికుల కోసం కట్టినదే. కానీ జనం దాని మీద ఊరికే నడవడానికి డబ్బిచ్చి వచ్చారు. ఓడ ఎక్కకుండానే సముద్రం మధ్య నిలబడినట్టుంటుంది, కాళ్ళు తడవవు. ఈ సరదా వ్యాపారమని గుర్తించిన కంపెనీలు తర్వాతి దశాబ్దాలలో తీరమంతా వినోద పియర్‌లు కట్టాయి. యూజీనియస్ బర్చ్ అనే ఇంజినీరు రూపొందించిన బ్లాక్‌పూల్ నార్త్ పియర్ 1863 మే నెలలో తెరుచుకుంది. బ్రైటన్ వెస్ట్ పియర్ కూడా ఆయన రూపకల్పనే, అది 1866లో తెరిచారు. బ్లాక్‌పూల్‌లో 1868లో సెంట్రల్ పియర్, 1893లో మూడవ పియర్ వచ్చాయి. చిన్న పట్టణానికి మూడు పియర్‌లు! గిరాకీ ఏ స్థాయిలో ఉండేదో దీన్నిబట్టే ఊహించవచ్చు.

నార్త్ పియర్ తెరిచిన సంవత్సరాన్ని మరొకసారి చూడండి. 1863 అంటే అమెరికా అంతర్యుద్ధం నడుమ. దక్షిణ రాష్ట్రాల పత్తి రాక ఆగిపోయి, బ్లాక్‌పూల్ ఉన్న లంకషైర్ జిల్లాలోనే మిల్లులు మూతబడి, కార్మికులు సహాయ నిధుల మీద బతుకుతున్న సంవత్సరం. ఆ కొరత తీర్చడానికి మిల్లు యజమానులు భారతదేశపు పత్తి వైపు చూశారు. మన బళ్ళారి, కర్నూలు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి ధర పెరగడానికి కారణం అదే. కాబట్టి పియర్ తెరిచిన రోజున దాని మీద నడిచినవారు ఎవరై ఉంటారు? మిల్లు కార్మికులు కాదు. నార్త్ పియర్ ప్రవేశ రుసుము, అక్కడి సంగీత కచేరీలు, మర్యాదలు అన్నీ మధ్యతరగతిని దృష్టిలో పెట్టుకొన్నవే. కార్మికులు గుంపులుగా చేరింది కొన్నేళ్ళ తర్వాత వచ్చిన సెంట్రల్ పియర్ మీద. ఆరుబయట నృత్యాలు జరిగే ఆ పియర్‌కు ‘ప్రజల పియర్’ అని పేరు వచ్చింది. ఒకే ఊళ్ళో, ఒకే సముద్రం మీద, వర్గాన్నిబట్టి రెండు పియర్‌లు. మీ చేతిలోని చిత్రం వీటిలో దేనిది? మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

పలక చూడలేని ఎరుపు

ఇప్పుడు చిత్రం తయారైన విధానానికి వద్దాం. ఇది రసాయనశాస్త్రం పాఠంలా అనిపించినా కాస్త ఓపిక పట్టండి, అసలు కిటుకు ఇక్కడే ఉంది.

1850ల నుండి సుమారు మూడు దశాబ్దాలపాటు ఛాయాచిత్రాలను ఎక్కువగా ‘తడి పలక’ పద్ధతిలో తీశారు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పూసి, వెండి లవణాల ద్రావణంలో ముంచి, అది ఆరేలోగా కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే కడగాలి. అంటే సముద్రతీరానికి వెళ్ళిన ఛాయాగ్రాహకుడు చీకటి గుడారాన్ని, రసాయనాల సీసాలను, నీళ్ళను వెంట మోసుకెళ్ళవలసిందే. ఇసుక, గాలి, ఉప్పు తుంపరల మధ్య ఈ పని ఎంత చిరాకో ఊహించుకోండి.

దీనికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ వెండి లవణాలు నీలం, ఊదా రంగుల కాంతికి, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలకు మాత్రమే స్పందిస్తాయి. ఎరుపు, నారింజ రంగులు వాటికి దాదాపు చీకటితో సమానం. నీలాకాశం పలక మీద అతిగా పడి తెల్లని కాగితంలా వచ్చేది. మేఘాలు ఆ తెలుపులో కలిసిపోయేవి. అందుకే ఆ కాలపు చాలా చిత్రాలలో ఆకాశం ఖాళీగా ఉంటుంది. ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉందని దాని అర్థం కాదు.

ఇక సూర్యాస్తమయ వేళ ఏమవుతుంది? సూర్యుడు దిగంతానికి దగ్గరయ్యేకొద్దీ ఆ కాంతి వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి మనను చేరుతుంది. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అంటే మన కంటికి ఆకాశం అత్యంత వర్ణమయంగా కనిపించే క్షణంలోనే పలక దాదాపు గుడ్డిదవుతుంది. ఎరుపెక్కిన సాయంత్రాన్ని తడి పలక మీద ఉన్నదున్నట్టు తీయడం సాధ్యమయ్యే పని కాదు. మరి అన్ని ‘సూర్యాస్తమయాలు’ ఎక్కడి నుండి వచ్చాయి?

రెండు పలకల ఆకాశం

ఫ్రెంచ్ ఛాయాగ్రాహకుడు గుస్తావ్ లె గ్రే 1856, 1857 సంవత్సరాలలో నార్మండీ తీరంలోనూ, మధ్యధరా తీరంలోని సెత్ రేవులోనూ తీసిన సముద్ర చిత్రాలు ఐరోపాను ఆశ్చర్యపరిచాయి. అలలు కదిలిపోకుండా నిలిచాయి, మేఘాలు ఒళ్ళంతా వివరాలతో కనిపించాయి, సూర్యకాంతి నీళ్ళ మీద మెరిసింది. సెత్‌లో తీసిన ‘మహాతరంగం’ చిత్రంలో ఎడమవైపు సముద్రంలోకి సాగిన రేవుకట్ట కనిపిస్తుంది. అల దాని పక్కగా ఒడ్డుకు వస్తుంటుంది.

లె గ్రే వీటిలో కొన్నింటిని ఒకే పలక నుండి తీయలేదు. సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరొక నెగటివ్ తీసి, దిగంతరేఖ దగ్గర రెంటినీ కలిపి ఒకే కాగితం మీద ముద్రించాడు. ఒకే మేఘాలు వేర్వేరు సముద్రాల మీద కనిపించే సందర్భాలు కూడా ఆయన చిత్రాలలో ఉన్నాయి. 1856లో లండన్‌లో ప్రదర్శించిన ‘నీటిపై ఓడ’ చిత్రం మాత్రం ఒకే పలకతో తీసినది. అందులోనూ తమాషా ఉంది. చూసినవారు చాలామంది దాన్ని వెన్నెల రాత్రి అనుకున్నారు. నిజానికి అది పగటిపూట మేఘాల చాటున ఉన్న సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకొని తీసినది. ఆకాశంలోని వెలుగుకు తగినట్టు తీయడంతో మిగిలినదంతా చీకటిగా వచ్చి, పగలు రాత్రిగా మారింది.

దీన్ని మోసం అనాలా? తొందరపడవద్దు. పలకకు లేని చూపును చేతిపనితో పూరించడం ఆనాడు నైపుణ్యంగానే చెలామణి అయింది. తర్వాతి కాలంలో మేఘాల నెగటివ్‌లు విడిగా అమ్మకానికి కూడా దొరికాయి. స్టూడియోవారు నచ్చిన ఆకాశాన్ని ఎంచుకొని ఏ ఊరి మీదైనా పరిచేవారు. చూసేవారికి కావలసింది తాము చూసిన సాయంత్రం వంటి సాయంత్రం, దాన్ని వారు పొందారు. ఇబ్బంది మనది. ఆ చిత్రాన్ని వాతావరణ నివేదికలా, కాలసూచికలా చదివితే తప్పు చేసేది మనమే.

కనుక పాత చిత్రంలో సూర్యుడు, మేఘాలు స్పష్టంగా కనిపిస్తే నీడల వైపు చూడండి. సూర్యుడు పియర్ వెనక ఉన్నప్పుడు స్తంభాల నీడలు మీవైపు రావాలి. అవి పక్కకు పడుతుంటే ఆకాశం మరో చోటి నుండి వచ్చిందన్న మాట. దిగంతరేఖ వెంట సన్నని వెలుగు గీతగానీ చీకటి గీతగానీ ఉందేమో కూడా చూడండి. రెండు నెగటివ్‌లు కలిసిన అతుకు అక్కడే బయటపడుతుంది.

రసాయనాలు తర్వాత మారాయి. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ వెల్లడించిన జెలటిన్ పద్ధతి పొడి పలకలకు దారితీసింది. గుడారం మోసే బాధ తప్పింది. 1873లో హెర్మన్ విల్హెల్మ్ ఫోగెల్ కొన్ని రంగు పదార్థాలు కలిపితే పలక ఆకుపచ్చ, పసుపు కాంతిని కూడా గ్రహిస్తుందని కనుగొన్నాడు. అయినా ఎరుపు మిగిలిపోయింది. అన్ని రంగులకూ స్పందించే పలకలు మార్కెట్లోకి వచ్చింది 1906లో. మరుసటి ఏడాది ల్యూమియేర్ సోదరుల రంగుల పలకలు వచ్చాయి. వాటికి ఎక్కువసేపు వెలుగు కావాలి, ధర కూడా ఎక్కువే. అంటే 1906కు ముందటి నలుపు తెలుపు ‘సూర్యాస్తమయం’ ఏది కనిపించినా, అది నిజంగా ఆ వేళ తీసినదేనా అని అడగడానికి మీకు బలమైన కారణం ఉంది. 1900 తర్వాత వెల్లువలా వచ్చిన రంగు పోస్టుకార్డుల సంగతి సరేసరి. వాటిలోని ఎరుపు అచ్చుయంత్రం పూసినది. పగటి చిత్రానికే నీలం పూసి, చందమామను చేర్చి రాత్రి దృశ్యంగా అమ్మిన కార్డులూ ఉన్నాయి.

జనం ఎక్కడికి పోయారు?

ఇప్పుడు మన చిత్రంలోని ఖాళీ పియర్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

లంకషైర్ మిల్లు పట్టణాలలో ‘వేక్స్’ అనే ఆచారం ఉండేది. మొదట అది ఊరి చర్చి ఉత్సవం. మన ఊళ్ళలో గ్రామదేవత జాతరకు పనులు మానేసినట్టే అక్కడా మానేసేవారు. యజమానులు దాన్ని ఆపలేక, చివరికి ఆ వారమంతా మిల్లు మూసి బాయిలర్ల మరమ్మతు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఒక్కో పట్టణానికి ఒక్కో వారం. వేసవి పొడవునా ఒక ఊరి తర్వాత మరో ఊరు ఖాళీ అయ్యేది. 1846లో బ్లాక్‌పూల్‌కు రైలు వచ్చాక ఆ ఊళ్ళన్నీ దాదాపు మొత్తంగా సముద్రం దగ్గరికి కదిలాయి. ఆ వారానికి జీతం ఉండేది కాదు. ఏడాది పొడవునా వారం వారం కొంత చిల్లర చిట్టీలో వేసుకొని, ఆ సొమ్ముతో వెళ్ళేవారు. జీతంతో కూడిన సెలవులను ప్రోత్సహించే చట్టం బ్రిటన్‌లో వచ్చింది 1938లో.

ఏడాదికి ఒక్క వారం. ఆ వారంలో సాయంత్రాలు సెంట్రల్ పియర్ మీద నృత్యం, వాద్యాలు, యువతీయువకుల పరిచయాలు. ఈ సాయంత్రాలకు ఛాయాచిత్రాలు ఎన్ని ఉన్నాయి? చాలా తక్కువ. వెలుగు తగ్గాక పలక పనిచేయదు. వెలుగు చాలక మూత ఎక్కువసేపు తెరిచి ఉంచితే, కదిలే మనిషి పలక మీద నిలవడు. నడిచేవాడు పొగమరకలా మిగులుతాడు, నృత్యం చేసేవాడు మాయమవుతాడు. కదలకుండా ఉండే ఇనుప స్తంభాలు, దీపస్తంభాలు, ఖాళీ బెంచీలు మాత్రం చక్కగా వస్తాయి. పైగా దృశ్యచిత్రాలు అమ్ముకొనే కంపెనీలకు జనం లేని ఉదయపు వేళే అనుకూలం. దాంతో ఒక వింత జరిగింది. శ్రామికులకు సొంతమైన గంటలు, కెమెరాకు చీకటి గంటలు ఒకటే అయ్యాయి. వారు ఎక్కువగా ఉన్న వేళలోనే వారు చిత్రంలో లేరు.

1900లో కోడక్ కంపెనీ ఒక డాలరుకు, ఇంగ్లండ్‌లో అయిదు షిల్లింగులకు, బ్రౌనీ కెమెరాను అమ్మకానికి పెట్టింది. సామాన్య కుటుంబాల చేతికి కెమెరా రావడం అప్పుడే మొదలైంది. అయితే సాయంత్రం మాత్రం ఇంకా దొరకలేదు. ఆ పెట్టెకెమెరాకు మంచి ఎండ కావాలి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకొని తీయాలన్నది ఆనాటి ఔత్సాహికులందరికీ తెలిసిన నియమం. కాబట్టి కుటుంబ ఆల్బమ్‌లలో కనిపించేది సూర్యాస్తమయం కాదు, ఎండకు కళ్ళు చిట్లించిన ముఖాలు. ఆ చిట్లింపును చూసి ‘వీరు సంతోషంగా లేరు’ అని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు!

చిన్న ఫిల్ము కెమెరాలు, వేగవంతమైన ఫిల్ము వచ్చాక పరిస్థితి మారింది. 1937లో బ్రిటన్‌లో మొదలైన ‘మాస్ అబ్జర్వేషన్’ అనే సామాజిక పరిశీలన సంస్థ తరఫున హంఫ్రీ స్పెండర్ బోల్టన్ మిల్లు పట్టణ ప్రజలను, సెలవుల్లో వారి వెంటే బ్లాక్‌పూల్‌ను చిత్రించాడు. చాలావరకు వారికి తెలియకుండానే తీశాడు. చరిత్రకారులకు అవి నిధి. కానీ వారి అనుమతి లేని ఆ చూపును కూడా మీరు గుర్తు పెట్టుకోవాలి. ఏడాదిపొడవునా ఫోర్‌మన్ కంటికింద పనిచేసిన మనిషిని సెలవు రోజున కూడా మరొకరు గమనిస్తున్నారు.

సూర్యుడు ఎటు దిగుతాడు?

చివరిగా, ఖర్చులేని ఒక పరీక్ష. దీనికి రసాయనాలు అక్కర్లేదు, పటం చాలు.

బ్లాక్‌పూల్ తీరం పడమటి ముఖంగా ఉంది. జూన్‌లో అక్కడ సూర్యుడు వాయవ్య దిశగా సముద్రంలోనే దిగుతాడు. కాబట్టి పియర్ మీద ‘వేసవి సూర్యాస్తమయం’ అన్న శీర్షికకు అక్కడ అవకాశం ఉంది. బ్రైటన్ దక్షిణ ముఖంగా ఉంది. అక్కడ జూన్ సూర్యుడు అదే వాయవ్యానికి, అంటే ఊరి వెనక నేల మీదికి వెళ్ళిపోతాడు. సముద్రం వైపు దిగేది చలికాలంలో, నైరుతి దిశన. బ్రైటన్ వెస్ట్ పియర్ 1975లో మూతబడి, 2002 చివర్లో తుఫానుకు కొంత కూలి, 2003లో రెండుసార్లు మంటల్లో కాలిపోయింది. మిగిలిన ఇనుప అస్థిపంజరం వెనక సముద్రంలో సూర్యుడు దిగే చిత్రాలను మీరు చూసే ఉంటారు. అటువంటి చిత్రం కింద ‘జూన్ సాయంత్రం’ అని ఉంటే ఆ శీర్షికను నమ్మవద్దు.

మన తీరానికీ ఇదే పరీక్ష పనికివస్తుంది. కోస్తా ఆంధ్ర తీరం బంగాళాఖాతం వైపు చూస్తుంది. విశాఖపట్నంలో సముద్రపు అంచు నుండి సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమించేది కొండల వైపు. సముద్రపు అంచును తాకుతున్న సూర్యుణ్ణి చూపి ‘విశాఖ బీచ్‌లో సూర్యాస్తమయం’ అని రాసిన క్యాలెండరు బొమ్మ కనిపిస్తే, అది ఉదయమైనా కావాలి, వేరే తీరమైనా కావాలి.

గడియారం కూడా సాక్ష్యమిస్తుంది. మన దగ్గర జూన్‌లో పొద్దు ఆరున్నర, ఏడు గంటల మధ్య గుంకుతుంది. బ్లాక్‌పూల్ చాలా ఉత్తరాన ఉండడంవల్ల అక్కడ జూన్ చివర సహజ కాలమానం ప్రకారం దాదాపు రాత్రి 8:45 వరకు సూర్యుడు ఉంటాడు. 1916 మే 21న బ్రిటన్ తొలిసారి గడియారాలను ఒక గంట ముందుకు జరిపింది. యుద్ధకాలంలో బొగ్గు ఆదా కోసం తెచ్చిన ఆ పద్ధతి తర్వాత కూడా కొనసాగింది. అప్పటి నుండి అదే సూర్యాస్తమయం గడియారంలో 9:45. చిత్రం వెనక ‘రాత్రి 9:15, పియర్ మీద’ అని పెన్సిలుతో రాసి ఉండి, ముందువైపు సూర్యుడు ఇంకా కనిపిస్తుంటే, ఆ చిత్రం 1916కు ముందుది కాదని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

అభ్యాసం

మీ ఇంట్లోగానీ, బంధువుల ఇంట్లోగానీ సముద్రతీరంలో తీసిన పాత ఛాయాచిత్రం ఒకటి సంపాదించండి. నలుపు తెలుపుదైతే మరీ మంచిది. తీసినవారు జీవించి ఉంటే ముందు వారితో మాట్లాడవద్దు. నీడల దిశ, సముద్రం ఏ వైపు ఉంది, ముఖాల మీద వెలుగు ఎటునుండి పడుతున్నది, ఎవరు నిలబడ్డారు, ఎవరు అంచున తెగిపోయారు అన్నవి గమనించి, తీసిన వేళ, ఋతువు, సందర్భం గురించి ఒక పుట రాయండి. ఆ తర్వాత వారిని అడగండి. మీ పుటకూ వారి జ్ఞాపకానికీ తేడా వచ్చిన చోట రెంటినీ పక్కపక్కన రాసి, దేన్ని ఎందుకు నమ్ముతున్నారో వివరించి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.